సీసాలో ఏముందో చెప్పండి, చల్లదనం చెడకుండా చేర్చండి

టీకాల రోజున ఒక బస్తీ ఆరోగ్య కేంద్రం వద్ద మేము విన్న చిన్న సంభాషణతో ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తున్నాం. తొమ్మిది నెలల బిడ్డను చంకనెత్తుకుని వచ్చిన ఒక తల్లి ఏఎన్‌ఎంను అడిగింది: "సిస్టర్, ఈ సూదిమందులో ఏం కలుపుతారు? మా అత్తమ్మ కనుక్కుని రమ్మన్నారు." ఏఎన్‌ఎం చిరునవ్వుతోనే జవాబిచ్చింది: "గవర్నమెంటు మందమ్మా, అందరికీ ఇదే వేస్తున్నాం. ఏమీ కాదు, వేయించు." ఆ తల్లి కాసేపు తటపటాయించి, "వచ్చే వారం వస్తా సిస్టర్" అని వెనుదిరిగింది.

ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం. తల్లి అడిగింది న్యాయమైన ప్రశ్న. ఏఎన్‌ఎంకు జవాబు తెలియదు, ఎందుకంటే ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ ఇద్దరి మధ్య మిగిలిపోయిన మౌనం వల్ల నష్టపోయింది మాత్రం ఆ బిడ్డ. ఆ మౌనాన్ని సాయంత్రానికల్లా ఏదో ఒక వాట్సాప్ సందేశం నింపుతుంది. అది నిజమే చెబుతుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

ఈ నష్టం ఊహాజనితం కాదు. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో 62 శాతం మందికి అన్ని టీకాలు అందగా, ముస్లిం పిల్లల్లో అది 55 శాతం దగ్గరే ఆగిపోయింది. 2022 చివర్లో ముంబయిలోని గోవండీ వంటి ముస్లింలు ఎక్కువగా నివసించే పేద బస్తీలను తట్టు వ్యాధి చుట్టుముట్టి పసిపిల్లల ప్రాణాలు తీసింది. కేంద్రం ఆ నవంబరులో రాంచీ, అహ్మదాబాద్, మలప్పురంలకు నిపుణుల బృందాలను పంపవలసి వచ్చింది. పేదరికం, ఇరుకు ఇళ్లు, ఆరోగ్య కేంద్రాల కొరత ఈ వెనుకబాటుకు ప్రధాన కారణాలు. అయితే వాటితో పాటు ఆ తల్లి అడిగిన ప్రశ్న కూడా ఉంది. దానికి జవాబు చెప్పడం ప్రభుత్వ బాధ్యత అనీ, జవాబు తెలుసుకోవడం మన హక్కు అనీ మేము భావిస్తున్నాం. ఆ ప్రశ్న వెన్నంటే మరొక ప్రశ్న ఉంది, దానిని మాత్రం ఎవరూ అడగడం లేదు: ఆ మందు మన గల్లీ దాకా చెడిపోకుండా వచ్చిందా?

కాపలా లేనిదే మందు లేదు

ముందుగా సీసా సంగతి. హెపటైటిస్-బి టీకాను తీసుకుందాం. పసిబిడ్డకు ఇచ్చే అర మిల్లీలీటరు మోతాదులో అసలు పనిచేసే ప్రొటీన్ 10 మైక్రోగ్రాములు మాత్రమే, అంటే ఒక గ్రాములో లక్షో వంతు. మిగిలినదంతా ఆ కొద్దిపాటి ప్రొటీన్‌ను మోసుకొచ్చేందుకు, కాపాడేందుకు, దాని ప్రభావాన్ని పెంచేందుకు ఉన్న సరంజామా.

ప్రొటీన్ అంటే ఒక ప్రత్యేకమైన తీరులో ముడుచుకున్న గొలుసు వంటిది. ఆ ముడత ఉన్నంతవరకే అది మందు. కోడిగుడ్డులోని తెల్లసొన పెనం మీద గట్టిపడిన తరువాత దానిని మళ్లీ పచ్చిసొనగా మార్చడం ఎవరి తరమూ కాదు. వేడి తగిలిన ప్రొటీన్ మందుకూ అదే గతి పడుతుంది. మాత్రగా మింగితే కడుపు దానిని మాంసం ముక్కను అరిగించినట్లే అరిగించేస్తుంది. అందుకే ఇన్సులిన్‌ను సూదితో ఇస్తారు. గాజు గోడకు అంటుకుపోయినా, విపరీతంగా కుదిపినా, గడ్డకట్టినా దాని ఆకారం చెదిరిపోవచ్చు.

కనుక తయారీదారులు ప్రొటీన్‌కు కాపలాదారులను నియమిస్తారు. ఆమ్లత్వం మారకుండా కొన్ని లవణాలు, గాజుకు అంటుకోకుండా పాలీసార్బేట్ వంటి పదార్థాలు, ఒకే సీసాను పలుమార్లు వాడవలసి వస్తే క్రిములు చేరకుండా ఫినాల్, మెటాక్రెసాల్ వంటివి కలుపుతారు. శరీరం టీకాను గట్టిగా గుర్తించేందుకు అల్యూమినియం లవణాలను వాడే పద్ధతిని 1926లో బ్రిటిష్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ గ్లెన్నీ కనుగొన్నాడు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలలో నేటికీ అదే వాడుకలో ఉంది.

తట్టు, రుబెల్లా వంటి టీకాల తీరు వేరు. వాటిలో ఉండేది బలహీనపరచిన సజీవ వైరస్. ద్రవరూపంలో అది ఎక్కువ కాలం నిలవదు. అందుకే దానిని గడ్డకట్టించి, శూన్యంలో తేమను లాగేసి, పొడిగా మార్చి సీసాలో నింపుతారు. ఆ ఎండబెట్టే ప్రక్రియలో వైరస్ దెబ్బతినకుండా నీటి స్థానాన్ని తీసుకునే పదార్థాలు కావాలి. చక్కెరలు, సార్బిటాల్ ఆ పని చేస్తాయి. వాటితో పాటు కొన్ని కంపెనీలు జెలటిన్ కలుపుతాయి. మన అత్తమ్మల ప్రశ్న అక్కడే పుడుతుంది.

జెలటిన్ గురించి దాపరికం ఎందుకు?

జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే పదార్థం. పశువుల నుంచీ తీస్తారు, పందుల నుంచీ తీస్తారు. మాత్రల గొట్టాలలోనూ, మిఠాయిలలోనూ అదే వాడతారు. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తట్టు–రుబెల్లా టీకా ఉద్యమం మొదలైనప్పుడు కొన్ని పాఠశాలల్లో తల్లిదండ్రులు పిల్లలను ఆ రోజు పంపకుండా ఇంట్లోనే ఉంచుకున్నారు. వారికి అందిన సందేశాల్లో అబద్ధాలే ఎక్కువ. టీకా వల్ల సంతానం కలగదన్నది శుద్ధ అబద్ధం. కానీ జెలటిన్ ప్రస్తావన అబద్ధం కాదు. నిజమూ అబద్ధమూ ఒకే సందేశంలో కలిసి వచ్చినప్పుడు అధికారులు రెంటినీ కలిపి "వదంతులు" అని కొట్టిపారేశారు. అందులో ఒకటి నిజమని తరువాత తెలుసుకున్న తల్లిదండ్రులు, మిగిలినవీ నిజమేనేమోనని అనుమానించారు. దాపరికం చేసే హాని ఇలా ఉంటుంది.

మరుసటి ఏడాదే ఇండోనేషియాలో ఈ ప్రశ్న బహిరంగంగా చర్చకు వచ్చింది. అక్కడికి వెళ్లిన తట్టు–రుబెల్లా టీకా మన దేశంలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌లో తయారైనదే. 2018 ఆగస్టులో ఇండోనేషియా ఉలమా మండలి తన 33వ నంబరు ఫత్వాలో ఆ టీకా తయారీలో పందికి సంబంధించిన పదార్థం వాడినందున అది హరామ్ అని చెబుతూనే, హలాల్ ప్రత్యామ్నాయం ఇంకా లేదనీ, వేయించకపోతే పిల్లలకు ప్రమాదమనీ నిపుణులు చెబుతున్నందున అత్యవసరం దృష్ట్యా వాడకానికి అనుమతి ఉందని ప్రకటించింది. ఆ ఫత్వాలో మొదటి సగాన్ని మాత్రమే చాలామంది విన్నారు. అచే వంటి ప్రాంతాల్లో టీకా వేయించుకున్న పిల్లల శాతం దారుణంగా తక్కువగా ఉండిపోయింది. పండితుల సంయమనం ప్రజలకు చేరేలోపే భయం చేరిపోయింది.

దానికి చాలా ముందే, 1995లో, ఇస్లామిక్ వైద్య శాస్త్రాల సంస్థ కువైట్‌లో నిర్వహించిన సదస్సులో వందమందికి పైగా ధార్మిక పండితులు, వైద్యులు ఈ అంశంపై చర్చించారు. సారా పులిసి సిర్కాగా మారినప్పుడు దాని స్వభావమే మారిపోతుందని, అప్పుడది నిషిద్ధం కాదని ఫిఖ్‌లో ఒక సూత్రం ఉంది. దానినే ఇస్తిహాలా అంటారు. నిషిద్ధ జంతువు ఎముకలు, చర్మం జెలటిన్‌గా మారే క్రమంలో ఇదే జరుగుతుందని, కనుక అది అనుమతించదగినదని ఆ సదస్సు అభిప్రాయపడింది. పండితులందరూ దీనితో ఏకీభవించలేదు. జెలటిన్ విషయంలో మార్పు సంపూర్ణం కాదని భావించేవారూ ఉన్నారు. అయితే ప్రాణరక్షణ అవసరం, ప్రత్యామ్నాయం లేకపోవడం అనే రెండు షరతులపై అనుమతిని నిరాకరించేవారు చాలా అరుదు.

మేము ఇక్కడ ఫత్వా ఇవ్వడం లేదు. ఆ పని ఉలమాలది. పత్రికగా, పౌరులుగా మేము చెప్పదలచినది వేరు. మతపరమైన నిర్ణయం తీసుకోవాలన్నా, వైద్యపరమైన నిర్ణయం తీసుకోవాలన్నా ముందు సమాచారం కావాలి. బ్రిటన్‌ను చూడండి. అక్కడ పిల్లలకు ముక్కులో పిచికారీ చేసే ఫ్లూ టీకాలో పంది జెలటిన్ ఉందని ఆరోగ్య శాఖే కరపత్రాల్లో ముద్రించి చెబుతుంది. వద్దనుకున్న తల్లిదండ్రులకు జెలటిన్ లేని సూది టీకా ఇస్తుంది. తట్టు, గవద బిళ్లలు, రుబెల్లాలకు ఇచ్చే టీకాలోనూ జెలటిన్ లేని రకం అడిగి వేయించుకోవచ్చు. నిజం చెప్పినందుకు అక్కడి టీకా కార్యక్రమం ఆగిపోలేదు.

మన దేశంలో బిస్కెట్ పొట్లం మీద ఆకుపచ్చ చుక్కో, గోధుమరంగు గుర్తో తప్పనిసరి. బిడ్డ నరాల్లోకో కండరంలోకో వెళ్లే మందుకు అటువంటి గుర్తు అక్కర్లేదు. ఈ ప్రశ్న ముస్లింలది మాత్రమే కాదు. మాంసం ముట్టని జైనులు, వైష్ణవులు, ఇంకా ఎందరో శాకాహారులు కూడా దీనికి జవాబు కోరుతున్నవారే. న్యాయమైన కోరిక గనుక దీనికి తోడు నిలిచేవారు మన వాడకు అవతల కూడా దొరుకుతారు.

పంది క్లోమం నుంచి ఈస్ట్ కణం దాకా

సమాచారం లేకపోతే నష్టం రెండు విధాలు. ఉన్నదానిని దాచడం ఒకటి, లేనిదానికి భయపడడం మరొకటి. ఇన్సులిన్ దీనికి మంచి ఉదాహరణ.

1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్‌ను వెలికితీసిన తరువాత దాదాపు 60 ఏళ్లపాటు ప్రపంచానికి అందిన ఇన్సులిన్ అంతా ఆవులు, పందుల క్లోమం నుంచి తీసినదే. మన తాతల కాలంలో ఎందరో ఆ ఒక్క కారణంతో సూది వద్దని, కళ్లూ మూత్రపిండాలూ పోగొట్టుకున్నారు. 1982లో అమెరికా తొలిసారిగా జన్యు సాంకేతికతతో తయారైన మానవ ఇన్సులిన్‌ను ఆమోదించింది. మానవ ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలోనో, ఈస్ట్‌లోనో ప్రవేశపెట్టి, ఆ సూక్ష్మజీవుల చేత ఇన్సులిన్‌ను తయారు చేయిస్తారు. నేడు మన మందుల దుకాణాల్లో "హ్యూమన్ ఇన్సులిన్" అని దొరికేది ఆ కోవకు చెందినదే. అందులో పంది లేదు. నెమ్మదిగా పనిచేసే ఎన్‌పీహెచ్ రకంలో కలిపే ప్రోటమైన్ కూడా చేపల నుంచి వచ్చిన ప్రొటీన్. అయినా "ఇన్సులిన్ పందిది" అనే మాట ఇప్పటికీ మన ఇళ్లలో వినిపిస్తూనే ఉంది. మందు మారి 40 ఏళ్లు దాటింది, మాట మాత్రం మారలేదు. డబ్బా మీద మనకు అర్థమయ్యే భాషలో ఒక్క వాక్యం రాసి ఉంటే ఈ మాట ఎప్పుడో ఆగిపోయేది.

ఈ సాంకేతికత మనకు దూరపుది కూడా కాదు. హైదరాబాదులో 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తొలి జన్యు సాంకేతిక టీకాను, ఈస్ట్‌లో తయారు చేసిన హెపటైటిస్-బి టీకాను, విడుదల చేసింది. అప్పటిదాకా విదేశాల నుంచి వచ్చే ఆ టీకా సంపన్నులకే అందేది. దాని ధర నేలకు దిగి వచ్చింది ఆ తరువాతే. దేశంలో బ్యాంకులు ముఖం చాటేసిన వేళ ఆ సంస్థకు పెట్టుబడితో అండగా నిలిచినవారు ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. ఒక తెలుగువాడి సంకల్పం, ఒక అరబ్బు ముస్లిం నమ్మకం కలిసి కోట్లాది పిల్లల కాలేయాలను కాపాడే మార్గం వేశాయి. ఈ చరిత్ర మన పిల్లలకు తెలియాలి.

అదే నగరంలోని బయోలాజికల్-ఇ సంస్థ అమెరికాలోని టెక్సాస్ శాస్త్రవేత్తల సహకారంతో తయారు చేసిన కార్బెవ్యాక్స్ కూడా ఈస్ట్‌లో పండించిన ప్రొటీన్ టీకాయే. 2022 మార్చి నుంచి 12–14 ఏళ్ల పిల్లలకు కరోనా టీకాగా దానినే వేశారు. ప్రపంచ టీకాల్లో మూడో వంతు హైదరాబాదులోనే తయారవుతుందని ప్రభుత్వ పెద్దలు సభల్లో గర్వంగా చెబుతుంటారు. గర్వపడవలసిందే. అయితే ఆ కర్మాగారాల నుంచి విమానాశ్రయానికి వెళ్లే దారి ఎంత సాఫీగా ఉందో, పాతబస్తీ గల్లీకి వచ్చే దారి కూడా అంత సాఫీగా ఉండాలని కోరడం అత్యాశ కాదు.

అనుమానానికీ ఒక చరిత్ర ఉంది

ముస్లింలు అజ్ఞానం వల్లనే టీకాలను అనుమానిస్తారని కొందరు తేలికగా తీర్పు చెబుతారు. 2011లో పాకిస్తాన్‌లోని అబోటాబాద్‌లో ఒసామా బిన్ లాడెన్ జాడ తీసేందుకు అమెరికా గూఢచార సంస్థ హెపటైటిస్-బి టీకా శిబిరం అనే ముసుగు వాడుకుంది. ఇకపై టీకా కార్యక్రమాలను గూఢచర్యానికి వాడబోమని 2014లో ఆ దేశ ప్రభుత్వమే ప్రకటించవలసి వచ్చింది. ఈలోగా అక్కడ ఎందరో పోలియో కార్యకర్తలు హత్యకు గురయ్యారు. టీకా వేసే చేతిని హత్య చేయడం ఏ ధర్మమూ క్షమించని నేరం. ఆ చేతిపై నమ్మకాన్ని చంపినవారికీ ఆ పాపంలో వాటా ఉంది.

అంత దూరం వెళ్లనక్కర్లేదు. 2009లో మన ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణకు ఉద్దేశించిన హెచ్‌పీవీ టీకాను ప్రయోగాత్మక పథకం కింద దాదాపు 14 వేల మంది బాలికలకు వేశారు. వారిలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన బాలికలు. తల్లిదండ్రులకు తెలియకుండా హాస్టల్ వార్డెన్లే సమ్మతి పత్రాలపై సంతకాలు చేశారు. కొందరు బాలికల మరణాల నేపథ్యంలో 2010 ఏప్రిల్‌లో పథకం నిలిచిపోయింది. ఆ మరణాలకూ టీకాకూ సంబంధం లేదని విచారణ తేల్చినా, సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. అది కూడా ఒక ప్రొటీన్ టీకాయే, మంచి టీకాయే. మంచి మందును చెడ్డ పద్ధతిలో ఇస్తే ఆ మందు పేరే చెడిపోతుందని చెప్పేందుకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. నేడు అదే టీకా మన అమ్మాయిల కోసం వచ్చినప్పుడు తల్లిదండ్రుల కళ్లలో కనిపించే బెరుకుకు మూలం అక్కడ ఉంది.

నమ్మకం తిరిగి రాదా? వస్తుంది, వచ్చింది కూడా. 2002 ప్రాంతంలో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని ముస్లిం వాడలు పోలియోకు కేంద్రాలుగా మారాయి. అప్పుడు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ వంటి సంస్థలు రంగంలోకి దిగాయి. ఇమాములు జుమా రోజున ప్రకటనలు చేశారు. అదే వాడకు చెందిన మహిళలు ఇంటింటికీ వెళ్లి ప్రతి ప్రశ్నకూ ఓపికగా జవాబిచ్చారు. 2011 జనవరి తరువాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు ఒక్కటీ నమోదు కాలేదు. 2014 మార్చిలో భారత్ పోలియో రహిత దేశంగా గుర్తింపు పొందింది. ఆ విజయం లాఠీతో రాలేదు, జవాబుతో వచ్చింది.

ఎవరూ అడగని రెండవ ప్రశ్న

ఇక చేరవేత సంగతి. సీసాలో ఉన్నది నూటికి నూరుపాళ్లు హలాల్ అయినా, దారిలో చెడిపోతే అది వట్టి నీరే. బిడ్డకు సూది నొప్పి మిగులుతుంది, రక్షణ మిగలదు. ఈ మోసం వెంటనే బయటపడదు. ఏళ్ల తరువాత వ్యాధి వచ్చినప్పుడు మాత్రమే తెలుస్తుంది. అప్పుడు కూడా "టీకా వేయించినా వచ్చింది చూశారా" అన్న నింద టీకా మీదే పడుతుంది.

పోలియో చుక్కలను నిల్వ కేంద్రాల్లో గడ్డకట్టే చలిలో ఉంచుతారు. మిగిలిన టీకాల్లో చాలావాటికి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉష్ణోగ్రత కావాలి. కర్మాగారం నుంచి రాష్ట్ర నిల్వ కేంద్రం, అక్కడి నుంచి జిల్లా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, చివరకు ఏఎన్‌ఎం భుజాన వేలాడే క్యారియర్ పెట్టె. ఈ గొలుసులో ఏ కొక్కెం తెగినా అంతే. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన తెలుగు నేల మీద అది ఎంత సున్నితమైన పనో చెప్పనక్కర్లేదు.

వేడి చెడుపు అని అందరికీ తెలుసు. చలి కూడా చెడుపేనని చాలామందికి తెలియదు. అల్యూమినియం కలిసిన పెంటావాలెంట్, హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు ఒక్కసారి గడ్డకడితే, కరిగిన తరువాత చూడడానికి మామూలుగానే ఉన్నా పనికిరావు. క్యారియర్‌లో ఐస్ ప్యాక్‌లను ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పెట్టేస్తే ఈ ప్రమాదం ఉంటుంది. ప్యాక్‌ను కదిపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగి పెట్టడం సరైన పద్ధతి.

మనం స్వయంగా గమనించదగినవి రెండు ఉన్నాయి. ప్రభుత్వ టీకా సీసా మీద ఒక వృత్తం, దాని లోపల ఒక చిన్న చతురస్రం ఉంటాయి. చతురస్రం వృత్తం కన్నా లేత రంగులో ఉంటే టీకా వాడదగినది. వృత్తమంత ముదురుగా గాని, అంతకన్నా ముదురుగా గాని మారితే అది వేడికి చెడినట్టు లెక్క. అక్షరం రాని తల్లి కూడా దీనిని చూసి గుర్తించగలదు. రెండవది, పొడి రూపంలో వచ్చే తట్టు–రుబెల్లా, బీసీజీ టీకాలను ద్రవంతో కలిపిన నాలుగు గంటల్లోపే వాడాలి. సీసా మీద కలిపిన సమయం రాసి ఉందా అని అడగడం ఏఎన్‌ఎంను అవమానించడం కాదు.

ఇన్సులిన్ విషయంలో ఈ గొలుసు మన ఇంటిదాకా వస్తుంది. తెరవని సీసాను ఫ్రిజ్‌లో ఉంచాలి, ఫ్రీజర్ గదికి ఆనించకూడదు. వాడుతున్న సీసాను నీడపట్టున ఉంచి సుమారు నాలుగు వారాల్లో ముగించాలి. మరి ఫ్రిజ్ లేని ఇళ్ల సంగతి? కెన్యాలో సోమాలీ శరణార్థులు తలదాచుకున్న దగహలే శిబిరంలోని ఉష్ణోగ్రతలను నమోదు చేసి, జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ కలిసి ప్రయోగశాలలో పరీక్షలు జరిపారు. 25 నుంచి 37 డిగ్రీల మధ్య మారే వేడిలో నాలుగు వారాలపాటు ఉంచినా ఇన్సులిన్ సత్తువ నిలిచే ఉందని 2021లో వారు ప్రచురించారు. కాబట్టి మట్టికుండ చల్లదనాన్ని తక్కువగా చూడనక్కర్లేదు. తడి ఇసుకలో నిలిపిన కుండలో, నీరు తగలకుండా డబ్బాలో పెట్టిన ఇన్సులిన్ పేదవాడి ఫ్రిజ్. మండు వేసవిలో మాత్రం అది చాలదు. అప్పుడు ఇరుగుపొరుగు ఫ్రిజ్ సాయం తీసుకోక తప్పదు.

రమజాన్‌లో మరొక సందేహం వస్తుంది. పోషకాహారం కాని సూదిమందు వల్ల ఉపవాసం భంగం కాదని అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లోనే తీర్మానించింది. కనుక రోజా పేరుతో ఇన్సులిన్ మానడం, టీకా వాయిదా వేయడం అవసరం లేదు. ఉపవాసం ఉండవచ్చా, మోతాదు ఎలా మార్చుకోవాలన్నది మాత్రం నెల మొదలుకాక ముందే వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి.

మేము కోరుతున్నది

తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రాష్ట్రవ్యాప్తంగా రెండవ అధికార భాష. ఆ హోదా బోర్డులకే పరిమితం కాకూడదు. ప్రతి టీకాలోని పదార్థాలు, అవి ఏ మూలం నుంచి వచ్చాయో తెలిపే ఒక్క పేజీ పట్టిక తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రతి టీకా కేంద్రం గోడపై ఉండాలి. పెంటావాలెంట్, హెపటైటిస్-బి వంటి టీకాలలో జెలటిన్ లేదని ఆ పట్టిక చెబితే సగం భయం ఆ గోడ దగ్గరే తీరిపోతుంది. ఉన్నచోట ఉందని చెబితే మిగిలిన సగానికి ఉలమాలు, వైద్యులు కలిసి జవాబు చెబుతారు.

సమాన నాణ్యత గల రెండు టీకాలు లభించినప్పుడు జెలటిన్ లేని దానికి ప్రభుత్వ కొనుగోళ్లలో ప్రాధాన్యం ఇవ్వాలి. ఇండోనేషియా 2014లో చేసిన 33వ నంబరు చట్టం మందులకూ హలాల్ ధ్రువీకరణ కోరుతోంది. ఆ మార్కెట్ కోసం మన కంపెనీలు ఎలాగూ కొత్త స్థిరీకరణ పద్ధతులు వెతకక తప్పదు. ఎగుమతికి చేసే శ్రమ ఫలం మన బిడ్డలకూ దక్కాలి.

టీకా నిల్వలను, ఉష్ణోగ్రతలను కంప్యూటర్ ద్వారా గమనించే ఈవిన్ వ్యవస్థ 2015 నుంచి దేశంలో పనిచేస్తోంది. లెక్కలు ఉన్నాయి, అవి పౌరులకు కనిపించడం లేదు. ఏ కేంద్రం ఫ్రిజ్ ఎన్ని గంటలు ఆగిపోయిందో నెలకొకసారి బహిరంగపరచాలి. కోరితే తప్ప ఇవ్వరనుకుంటే సమాచార హక్కు చట్టం ఉంది. మన కార్యకర్తలు ఒక్కో మండలం నుంచి ఒక్కో దరఖాస్తు పెట్టినా చాలు. సమ్మతి పత్రం ఏదైనా తల్లిదండ్రుల భాషలోనే ఉండాలి, వారి సంతకంతోనే చెల్లాలి.

మన వంతు కూడా ఉంది. మస్జిద్ కమిటీలు తమ ఫ్రిజ్‌లో ఒక అరను ఫ్రిజ్ లేని కుటుంబాల ఇన్సులిన్ కోసం కేటాయించి, పేర్లు రాసి భద్రపరచవచ్చు. ప్రతి టీకా ఉద్యమానికి ముందు ఒక వైద్యుడు, ఒక ఆలిమ్ కలిసి కూర్చుని మహిళల ప్రశ్నలకు జవాబులిచ్చే సభ ఏర్పాటు చేయవచ్చు. తట్టునూ మశూచినీ వేర్వేరు వ్యాధులుగా వివరిస్తూ వెయ్యేళ్ల కిందటే గ్రంథం రాసిన అల్ రాజీ వారసులం మనం. చేతికి వచ్చిన ప్రతి సందేశాన్నీ విచారించకుండా ముందుకు పంపడం మన సంప్రదాయం కాదు.

చివరిగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ డిమాండ్లు నెరవేరేదాకా టీకా వాయిదా వేయమని మేము చెప్పడం లేదు. తట్టు ఎవరి దరఖాస్తు పరిష్కారమయ్యేదాకా ఆగదు. హక్కు కోసం కలెక్టరు కార్యాలయం ముందు నిలబడదాం, బిడ్డను మాత్రం ఆరోగ్య కేంద్రం ముందు నిలబెడదాం. రెండూ ఒకే రోజున చేయవలసిన పనులే.

ఆ తల్లి "వచ్చే వారం వస్తా" అని వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేసరికి గోడ మీద జవాబు ఉండాలి, పెట్టెలో చల్లదనం ఉండాలి.